అటక మీద ఏడాది

మా కోనసీమలో కురిడీ కట్టేవాళ్ల ఓపిక నాకెప్పుడూ వింతే. ముదిరిన కొబ్బరికాయల్ని డొక్కతోనే అటక మీద పోసి, కింద సన్నగా పొగ పెట్టి, ఎనిమిది నెలలో ఏడాదో ఆగాలి. లోపల నీళ్లు ఇంకిపోయి, కొబ్బరి చిప్పను వదిలి గుండులా కదలాలి; అదే కురిడీ. పగలగొట్టి చూసుకునే వీల్లేదు. చెవి దగ్గర పెట్టి ఆడించడమే. ఈలోగా అంబాజీపేట కొబ్బరి మార్కెట్లో ధర ఎటు పోతుందో! ఇంటిల్లిపాది పెట్టుబడీ అటక మీదే.

ఆ ఓపిక తోటల దగ్గరా ఉంది. 1996 నవంబరు 6 నాటి తుపాను కొబ్బరి తోటలకు తోటల్నే పడగొట్టింది. దేశవాళీ మొక్క కాపుకి రావాలంటే ఆరేడేళ్లు. అయినా గోతులు తీసి, పసుపు కుంకుమ వేసి మళ్లీ నాటారు. అదంతా దైవభక్తి అంటే సగమే ఒప్పుకుంటాను. ఆ ఆరేడేళ్లూ పొయ్యి వెలిగించింది ఎవరు? అంతరపంటగా వేసిన అరటి, కంద, పాలకేంద్రం డబ్బులు, ఇంటి ఆడవాళ్లు చీల్చిన ఈనెల చీపుర్లు. వాటి లెక్క ఏ పద్దు పుస్తకంలోనూ ఉండదు.

ఇప్పటి పిల్లలు అటక తీసేసి, పీచుతో తాళ్లు, పీచు పొట్టుతో కోకోపీట్ దిమ్మలు చేద్దామంటున్నారు. అటక తీసేది లేదంటారు పెద్దలు. ఈ తగాదా తీర్చడం తేలికే. కురిడీ ఒలిచాక మిగిలేది ఆ పీచేగా.