అంతర్వేది నల్ల ఇసక

నరసాపురం అనగానే లేసు అల్లికలూ, వశిష్ఠ గోదావరి రేవూ గుర్తుకొస్తాయి. ఒక సంక్రాంతి సెలవుల్లో ఆ రేవులోనే పంటెక్కి, మా కాలేజీ భౌతికశాస్త్రం లెక్చరరుగారి కుటుంబమూ మేమూ అవతల సఖినేటిపల్లిలో దిగి అంతర్వేది వెళ్లాం. నరసింహస్వామి దర్శనం చేసుకుని, సముద్రం ఒడ్డుకి చేరాం.

అల వెనక్కి తగ్గినచోట తెల్లని ఇసక మీద కాటుక దిద్దినట్టు నల్లని చారలు! లెక్చరరుగారు పిడికెడు తీసి అరచేతిలో పరిచారు. నల్లవి ఇల్మనైటు, ఎర్రగా మెరిసేవి గార్నెట్టు. అక్కడొకటీ ఇక్కడొకటీ తేనెరంగు రేణువులు మోనజైటు. తూర్పు కనుమల రాళ్లు అరిగి నదితో కొట్టుకొచ్చిన సరుకిది. చాటలో చెరిగితే పొట్టుపోయి గింజ నిలిచినట్టు, తేలిక ఇసకను అల లాక్కుపోగా బరువైనది మిగులుతుంది.

"మోనజైటులో థోరియం ఉంది. అది రేడియోధార్మిక పదార్థం" అన్నారాయన.

మా ఆవిడ గబగబా చిన్నవాడి చేతులు దులిపేసింది. "పిల్లల్ని ఇక్కడ ఆడనివ్వచ్చా, అన్నయ్యగారూ?"

"నిశ్చింతగా ఆడనివ్వమ్మా. థోరియం విసిరే ఆల్ఫా కణం చర్మం దాటి రాలేదు. గామా కిరణాలు దాటతాయి, కాని ఇందులో మోనజైటు పాలెంత? పోపులో ఆవగింజంత! కేరళలో కరునాగపల్లి తీరాన మోనజైటు ఎంతో ఎక్కువ. అక్కడివారిని ఏళ్లతరబడి పరిశీలించి 2009లో ప్రకటించిన ఫలితాల్లో, దానివల్ల క్యాన్సరు పెరిగిన దాఖలా కనబడలేదు. వేరుచేసి పోగుపెడితే మాత్రం మాట వేరు. ఆ దుమ్ము పీల్చకూడదు."

ఒకప్పుడు మన పెళ్లిపందిళ్లలో పెట్రోమాక్సు దీపం మాంటిలులో తెల్లగా వెలిగిందీ థోరియం ఆక్సైడేనట!

థోరియం సగానికి తరగడానికి దాదాపు 1,400 కోట్ల ఏళ్లు కావాలి. విశ్వం వయసే సుమారు 1,380 కోట్లు! అది పది మార్పులు చెంది చివరికి సీసమై నిలుస్తుంది. నడుమ రేడియం అవుతుంది; ఒక వాయువూ అవుతుంది. ఆ వాయువు నిమిషంలోపే సగమైపోతుంది. ఇలా సగమయ్యే కాలాన్ని, అంటే అర్ధాయువును, రూథర్‌ఫర్డ్ 1900లో తొలిసారి కొలిచింది ఈ వాయువుతోనే. ఒక మూలకం మరొకటిగా మారుతుందని 1902లో ఆయనా, సాడీ చాటిందీ థోరియాన్ని పరిశీలించే.

అక్షరమంటే నశించనిదని తరగతిలో చెబుతుంటాను. పరమాణువూ అలాంటిదేనని లోకం చాలాకాలం నమ్మింది. ఈ గుప్పెట్లో ఏ పరమాణువు ఏ క్షణాన రాలుతుందో ఎవరూ చెప్పలేరు. కోట్లలో ఎన్ని రాలతాయో మాత్రం లెక్క తప్పదు. ఒక్కొక్కరి ఆయువు తెలియకపోయినా లోకం నడక తెలిసినట్టే ఉంది!

అంతర్వేది వెళ్లేవారు దర్శనమయ్యాక ఒడ్డున ఒక్కసారి వంగి చూడండి. ఇంటికి మాత్రం మూట కట్టుకోకండి. చట్టం ప్రకారం మోనజైటుకు కేంద్రప్రభుత్వ అనుమతి కావాలి. కళ్లారా చూసి, ఆ అలకే అప్పగించి రండి.