పిల్లికి బిచ్చము

పరమలోభిని గూర్చి చెప్పవలసినపుడు మనవారు "పిల్లికి బిచ్చము పెట్టనివాడు" అందురు. ఈ మాట మేము చిన్ననాటినుండి వినుచున్నదే. కాని పిల్లికి బిచ్చము పెట్టుట యంత తేలికపని కాదని గ్రీసు దేశమునందలి హైడ్రా ద్వీపమున మూడు నెలలు కాపురమున్న పిదపగాని మాకు తెలియలేదు.

ఏథెన్సు నగరపు రేవగు పిరేయసులో నోడ నెక్కినచో నించుమించు రెండు గంటలలో నీ దీవి చేరవచ్చును. జనము సుమారు రెండువేలు. 1821వ సంవత్సరమున నారంభమైన స్వాతంత్ర్యయుద్ధమునకు తమ నావలను, ధనమును ఒడ్డిన నావికుల భవనములు రేవు చుట్టును నేటికిని నిలిచియున్నవి. ఊరిలో మోటారుబండ్లు నిషిద్ధములు. చెత్త నెత్తుకొనిపోవు బండి వంటివి మాత్రమే తిరుగును. గ్యాసు సిలిండరైనను, పెండ్లివారి బీరువాయైనను గాడిద వీపుననో, కంచరగాడిద వీపుననో కొండమెట్లు ఎక్కవలసినదే. మా పెట్టెలు నట్లే యెక్కినవి; వాని వెనుక రొప్పుచు మేమెక్కితిమి.

ఆ దీవి పేరు నీటిని సూచించునదే యైనను అచ్చట మంచినీటికి కరవు. అందుచే పాతయిండ్ల క్రింద వాననీరు నిలువచేయు తొట్లుండును. మా యింటి తొట్టి మూతపై మేము దిగిన మొదటి సాయంకాలమే యొక బూడిదరంగు పిల్లి కూర్చుండి మమ్ము పరీక్షించెను. దాని పొట్ట చూడగానే నిండుచూలాలని తెలిసినది. మన యిండ్లలో చూలాలిని ఆకలితో పంపుదుమా? పాలలో రొట్టె నానబెట్టి పెట్టితిమి.

ప్రక్కయింటి ముసలమ్మ గోడమీదుగా చూచి యేమో కేకవేసినది. అచ్చట బామ్మను "యాయా" అందురు. వీధివారందరు నామె నట్లే పిలుచుచుండిరి. మాటలను తర్జుమా చేసినది ఆమె మనుమరాలు. "ఎదిగిన పిల్లికి పాలు పడవు, కడుపు చెడును" అనునది మొదటి మాట. పిల్లి యనగా ఉట్టిమీది పాలు దొంగిలించునదియే యని పెరిగిన మాకిది వింతగా దోచెను. రెండవది మాట కాదు, ప్రశ్న: "మీరెప్పుడు వెళ్లిపోవుదురు?"

సెప్టెంబరు కడపట నంటిమి. ఆమె తల పంకించి లోనికి పోయినది. మాకు కొంచెము కోపము వచ్చినమాట నిజము.

ఆ ప్రశ్నకు అర్థము తరువాత తెలిసినది. వేసవిలో నోడలనుండి జనము దిగుదురు. భోజనశాలల బల్లలు రేవు గట్టున నిండిపోవును. ప్రతి బల్ల క్రిందను నాలుగు పిల్లులు. ఉదయమున పడవలు రాగానే బెస్తవారు పనికిరాని నెత్తళ్లను విసరుదురు. "ప్సి ప్సి" యని పిలువని యతిథి లేడు. శీతకాలమున భోజనశాలలలో ననేకము మూతపడును. గాలి హెచ్చిన దినములలో నోడలే రావు. వేసవి మేపుడునకు పుట్టిన పిల్లలు తల్లి పాలు విడుచునప్పటికి మేపినవారెవరును ఉండరు.

ఆగస్టులో మా పిల్లి నలుగురిని కన్నది. పాలు విడిచిన పిదప దానికి మరల గర్భము రాకుండ శస్త్రచికిత్స చేయింపవలెనని యాయా చెప్పినది. వీధిజంతువులకు శస్త్రచికిత్స, టీకాలు చేయించుట పురపాలక సంఘముల విధియని 2021లో నచ్చట చట్టమైనది. అయినను పిల్లిని పట్టవలసినది దానికి చనువైనవారే. అనగా మేమే. తల్లియైనదానిని మాయచేసి బోనులో పెట్టుట పాపము కాదా యని మేము వాదించితిమి. యాయా మారుమాటాడక మమ్ము తన పెరటిలోని అత్తిచెట్టు క్రిందికి తీసికొనిపోయి, చీపురుకట్టతో నేలపై నైదుచోట్ల చూపినది. "గడచిన జనవరి" అని మనుమరాలు మెల్లగా చెప్పినది. గ్రీకులు పిల్లికి ఏడు ప్రాణములందురు. ఆ యైదుచోట్ల నుంచి మేమింక వాదింపలేదు.

సెప్టెంబరు కడవారమున, రోజూ తినిన గిన్నెతోనే దానిని బోనులోనికి పిలిచితిమి. తలుపు పడగానే యది మావంక చూచిన చూపును వర్ణింపజాలము. చెవి కొన త్రుంపబడి (శస్త్రచికిత్స జరిగినదానికి అది గుర్తు) తిరిగివచ్చిన తరువాత మూడుదినములు మా గడప తొక్కలేదు. గిన్నెను యాయా గోడప్రక్కకు మార్చితిమి. మేమిచ్చిన డబ్బును ఆమె ముందు వలదని, పిమ్మట లెక్కపెట్టి పుచ్చుకొన్నది. "ఇది మార్చివరకు వచ్చును, ఏప్రిలులో నోడలు వచ్చును" అన్నది.

ఫిబ్రవరిలో మనుమరాలు ఫోనులో నొక ఛాయాచిత్రము పంపినది. తొట్టిమూతపై త్రుంపుడుచెవి తల్లి, దాని నానుకొని ఎదిగిన పిల్లలు మూడు. నాలుగవదాని సంగతి మేమడుగలేదు, ఆ పిల్లయు చెప్పలేదు.