ఎల్లమీది చెరువు

మన పూర్వులు సప్తసంతానాలలో తటాకానికి స్థానమిచ్చారు. కుమారుడు, కృతి, దేవాలయం, వనం వంటి వాటి సరసన చెరువును నిలిపారు. కన్నబిడ్డ వలెనే చెరువు కూడా పుట్టించినంత మాత్రాన బ్రతకదు. దానిని ఏటేటా సాకాలి. తవ్వించిన ప్రభువుల పేర్లు శాసనాలకెక్కాయి. సాకిన ఊరివారి పేర్లు శిలలపై కానరావడం అరుదు.

కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు శాసనం క్రీ.శ. 1369 నాటిది. విజయనగర రాజకుమారుడు భాస్కరుడు ఆ చెరువును కట్టించాడు. వెయ్యిమంది కూలీలు, నూరు బండ్లు రెండేళ్ళపాటు శ్రమించినట్లు ఆ శాసనం చెబుతున్నది. అంతేకాదు, మంచి చెరువుకు పన్నెండు అంగాలనూ, ఆరు దోషాలనూ పేర్కొన్నది. కట్ట నుండి నీరు ఊరడం, చౌటినేల, చెరువు నడుమ మెరక ఉండడం, నీటికి తగిన నేల గాని నేలకు తగిన నీరు గాని లేకపోవడం - ఇవన్నీ సులభంగా బోధపడే దోషాలే. కాని మరొక దోషం చదువరిని ఆలోచింపజేస్తుంది. అది రెండు రాజ్యాల ఎల్లమీద చెరువు ఉండడం. కట్ట తెగిన రాత్రి మన్ను ఎవరు పోయాలి? ఆ ప్రశ్నకు జవాబు లేని చోట చెరువు కట్టరాదని ఆనాటివారు తలచి ఉంటారు.

రాజ్యాలు పోయినా ఎల్లలు పోలేదు. హైదరాబాదుకు దక్షిణాన ఉన్న బాలాపూర్ రంగారెడ్డి జిల్లాలోనిది. అక్కడి గుర్రం చెరువుకు దిగువన ఉన్న హఫీజ్ బాబానగర్ హైదరాబాదు జిల్లాలోనిది. 2020 అక్టోబరు 17 రాత్రి కుంభవృష్టి కురిసి, గుర్రం చెరువు కట్ట తెగింది. దిగువ కాలనీల ఇళ్ళలోకి నీరు చొరబడింది. అంతకు నాలుగు రోజుల ముందే, శంషాబాద్ విమానాశ్రయానికి పోయే దారిలో, గగన్‌పహాడ్ వద్ద అప్ప చెరువు తెగి బెంగళూరు జాతీయ రహదారిని కోసివేసింది.

ఈ ప్రాంతపు చెరువులు విడివిడిగా పుట్టినవి కావు. ఎగువ చెరువు నిండి మత్తడి దూకితే, ఆ నీరు కాలువ వెంట దిగువ చెరువుకు చేరేది. దీనినే గొలుసుకట్టు అన్నారు. గొలుసులో ఒక్క కొంకి ఊడినా తక్కినవాటికి ముప్పే. కనుకనే ఊరూరా నీరటి ఉండేవాడు. తూము ఎప్పుడు ఎత్తాలో, ఏ పొలానికి ఎంత నీరు విడవాలో అతనికి తెలుసు. వానకాలపు రాత్రులలో కట్టమీద తిరిగి, ఎలుక బొరియనైనా విడువక పరిశీలించడం అతని పని. ఎండాకాలంలో రైతులు పూడికమట్టిని బండ్లకెత్తి పొలాలకు తోలుకునేవారు. చెరువు లోతయ్యేది, చేను సారవంతమయ్యేది. ఇందులో పరోపకారం కంటె స్వార్థమే ఎక్కువ. అయితే ఆ స్వార్థమే చెరువును కాపాడింది!

నగరం విస్తరించిన కొద్దీ ఆయకట్టు పొలాలు ఇళ్ళస్థలాలుగా మారాయి. పొలం లేనివారికి తూముతో పనిలేదు. తూముతో పనిలేని ఊరికి నీరటితో పనిలేదు. చెరువుతో అవసరం తీరిపోయిందనుకున్నారు గాని, చెరువు వలన కలిగే అపాయం తీరలేదు. కొత్తగా వచ్చిన కుటుంబాలలో తమ ఇల్లు ఏ చెరువు కట్టకు దిగువన ఉన్నదో ఎరిగినవారు ఎందరు? ఆక్రమణల తొలగింపు ప్రభుత్వం చేయవలసిన పని. 2024 ఆగస్టులో అప్ప చెరువులో హైడ్రా ఆ పని చేసింది కూడా. కాని వానలకు ముందు మత్తడి కాలువలో పేరుకున్న చెత్తను చూడడం, కట్టమీది పగులును గుర్తించి కబురు చేయడం దగ్గర ఉన్నవారికే సాధ్యం.

నెక్నాంపూర్ చెరువు వద్ద ఇటువంటి ప్రయత్నం జరిగింది. ధ్రువాంశ్ అనే స్వచ్ఛంద సంస్థ 2018లో అక్కడ తేలియాడే మొక్కల తెప్పను నీటిపై నిలిపింది. వట్టివేరు, మెట్టతామర వంటి మొక్కల వేళ్ళు నీటిలోకి దిగి, మురుగులోని నత్రజని లవణాలను పీల్చుకుంటాయి. మురుగు రాకను అరికట్టనిదే తెప్ప ఒక్కటే చెరువును శుద్ధి చేయలేదు, నిజమే. అయినా ముక్కు మూసుకొని తప్పుకునే చోటికి మనుషులు మళ్ళీ రావడం చిన్న విషయం కాదు.

బాలాపూర్ వారికి కలసి పనిచేయడం కొత్త కాదు. గణపతి లడ్డూ వేలం 1994లో 450 రూపాయలతో మొదలై, 2025లో 35 లక్షలకు చేరింది. ఆ సొమ్ముతో ఊరి గుడులకూ, బడులకూ పనులు జరిగాయి. ఆ పట్టికలో చెరువు కట్ట కూడా చేరితే ఎంత బాగుండును! దిగువ కాలనీలవారు కూడా చేయి కలపవలసిన పని అది.

ఏటా అనంత చతుర్దశి నాడు బాలాపూర్ గణపతి చాంద్రాయణగుట్ట, చార్మినార్ మీదుగా హుస్సేన్‌సాగర్‌కు తరలిపోతాడు. దారిలో జిల్లా ఎల్ల ఎక్కడ వచ్చిందో ఊరేగింపులో నడిచేవారు పట్టించుకోరు. 2020 అక్టోబరులో గుర్రం చెరువు నీరు కూడా ఆ ఎల్ల దాటే నగరంలోకి నడిచింది.