రాక్‌కి ఏ యుకులేలే?

రాయ్‌పూర్‌లో మా గదిలో ముగ్గురం ప్రిపేరవుతున్నాం. రాత్రి లైబ్రరీ నుంచి వచ్చాక ఓ అరగంట వాయించకపోతే నాకు మర్నాడు పాలిటీ ఎక్కదు. గిటార్‌కి చోటు లేదు, చప్పుడు చేస్తే రూమ్మేట్లు ఊరుకోరు. అందుకే ఎలక్ట్రిక్ యుకులేలే, అదీ హెడ్‌ఫోన్‌తో.

ఇందులో కాస్త సైన్స్ అండ్ టెక్నాలజీ కూడా ఉంది ఫ్రెండ్స్. ఎలక్ట్రిక్ గిటార్‌లోని మాగ్నెటిక్ పికప్ స్టీలు తీగ కదలికనే పట్టుకుంటుంది. నైలాన్ దానికి ఆనదు. నైలాన్‌కి పీజో కావాలి. ఒత్తిడిని విద్యుత్తుగా మార్చే స్ఫటికం అది, 1880లో క్యూరీ సోదరులు కనిపెట్టిన గుణమే. డిస్టార్షన్ పెడితే బోలు పెట్టె ఆంప్ శబ్దానికే కంపించి కూత పెడుతుంది. కాబట్టి రాక్‌కి సాలిడ్ బాడీ. సైజు టెనర్, పై తీగ లో-జి. మామూలు హై-జితో రిఫ్‌కి బరువు రాదు.

నాలుగు తీగలతో రాక్ ఏంట్రా అని నవ్వారు మావాళ్లు. మన పాలకొల్లు యు. శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండొలిన్‌కి ఐదే తీగలు పెట్టి కర్ణాటక కచేరీలు చేశారని చెప్పాను. (ఒకడు వెంటనే ఆర్ట్ అండ్ కల్చర్ నోట్స్‌లో రాసుకున్నాడు.)

టెస్ట్ సిరీస్ డబ్బు ముట్టుకోను. ఇంకో రెండు నెలల ట్యూషన్ ఫీజు చేతికొస్తే కొనేస్తా. స్టీలా, నైలానా అన్నదే మిగిలింది. మొగ్గు నైలాన్‌కే. నేను రాసేది ఎడమ చేత్తో, తీగలు నొక్కేదీ ఆ చేత్తోనే. మెయిన్స్ ముందు వేళ్లు కాయలు కాస్తే కష్టం.