డ్రయ్యర్ గొట్టంలో గోరింకలు

న్యూజెర్సీలో ఎడిసన్ అంటే మనవాళ్లకి పరిచయం అక్కర్లేదు. ఇండియా నుంచి ఎవరు దిగినా మొదటి వీకెండ్ ఓక్ ట్రీ రోడ్డుకి తీసుకెళ్లాల్సిందే. గోంగూర, బంగారం, పట్టుచీరలు, మూర మల్లెపూలు... అన్నీ ఒకే రోడ్డు మీద. పార్కింగ్ మాత్రం దొరకదు. ఆ విషయంలోనూ మన ఊరే.

ఊరి పేరు బల్బు ఎడిసన్‌దే. ఇక్కడి మెన్లో పార్క్‌లోనే ఆయన ల్యాబ్ ఉండేది. మనిషి గొంతుని పట్టి మళ్లీ వినిపించే ఫోనోగ్రాఫ్ 1877లో పుట్టింది అక్కడే. 1954లో ఊరికే ఆయన పేరు పెట్టేశారు. మా అక్కా బావా ఇవన్నీ చూసుకుని ఇల్లు కొన్లేదు లెండి. మెట్రోపార్క్ స్టేషన్ దగ్గర, బావకి న్యూయార్క్ ట్రెయిన్ దొరుకుతుంది, అంతే.

నేను ఎమ్మెస్ అయ్యాక ఉద్యోగం దొరికేదాకా అని వచ్చి వాళ్ల పైగదిలో దిగాను. ఎనిమిది నెలల మేనకోడల్ని చూసుకోవడానికి అమ్మ అప్పటికే భీమవరం నుంచి వచ్చి ఉంది. ఓపీటీ మీద ఉన్నవాళ్లకి ఈ లెక్క తెలుసు: ఉద్యోగం లేకుండా మొత్తం 90 రోజులు దాటకూడదు. ఏప్రిల్ నెలాఖరుకి నావి 58 అయిపోయాయి.

అప్పుడే గోడలో చప్పుడు మొదలైంది.

రాత్రి రెండింటిదాకా అప్లికేషన్లు పెట్టి పడుకుంటే, తెల్లారకముందే తలవైపు గోడలో గీరుడు. ఎలక అనుకున్నా. రెండ్రోజులకి గీరుడుతో పాటు సన్నటి అరుపులు కూడా. అదే వారం డ్రయ్యర్‌లో వేసిన పాప బట్టలు గంటయినా తడిగానే ఉంటున్నాయి. ఈ రెండింటికీ సంబంధం ఉందని నాకు వెలగలేదు. అమ్మకి వెలిగింది. పాపని చంకనేసుకుని పెరట్లో నిలబడి పైకి చూసి, "ఒరే, మీ డ్రయ్యర్ గొట్టంలో కాపురం పెట్టాయిరా" అంది.

ఇక్కడి ఇళ్లలో బట్టలారేసే మిషన్‌కి వెనక నాలుగంగుళాల గొట్టం ఉంటుంది. వేడిగాలీ తేమా దాంట్లోంచి బయటి గోడకి పోతాయి. చివర రేకు మూత ఉంటుంది, గాలి వచ్చినప్పుడు తెరుచుకుని, లేనప్పుడు మూసుకుంటుంది. మాది పైఅంతస్తు, నా గది పక్కనే. ఆ మూత ఎప్పుడో ఊడిపోయింది. పక్షులకి అంతకన్నా ఏం కావాలి? వాన పడదు, పిల్లి ఎక్కదు, గాలి తగలదు.

ఆ జంటని చూశాను. నల్లగా ఉన్నాయి, మెడ దగ్గర ఊదా, ఆకుపచ్చ మెరుపులు, పసుపు ముక్కు. పిచ్చుకలా గెంతకుండా, గడ్డిలో ఓనర్లలాగా నడుస్తున్నాయి. "గోరింకే కదరా ఇది, రంగేసుకుందంతే" అంది అమ్మ. ఫోన్లో వెతికితే అమ్మదే రైటు. పేరు స్టార్లింగ్. మన గోరింకలదీ వీటిదీ ఒకే కుటుంబం. అమెరికాది కూడా కాదు, యూరప్ నుంచి వచ్చింది. 1890లో యూజీన్ షీఫెలిన్ అనే ఆయన న్యూయార్క్ సెంట్రల్ పార్క్‌లో ఓ 60 పక్షుల్ని వదిలాడు, మరుసటేడు ఇంకో 40. షేక్‌స్పియర్ నాటకాల్లోని పక్షులన్నిటినీ ఇక్కడికి తేవాలని ఆయనకి పిచ్చి అని ఓ కథ చెప్తారు కానీ, అది తర్వాత అల్లిందే అంటున్నారు ఇప్పుడు. సెంట్రల్ పార్క్ మా ఇంటికి కారులో గంట దూరం. ఈ పక్షులు మాత్రం అక్కడి నుంచి బయల్దేరి దేశమంతా నిండిపోయాయి. చెట్టు తొర్రల్లో గూడు పెట్టుకునే స్థానిక పక్షుల చోట్లు లాక్కుంటాయని ఇక్కడి పక్షిప్రేమికులకి వీటి మీద మంట.

బావ ఓ మనిషిని పిలిపించాడు. పక్షులు, ఉడతలు, ఎలకలు... ఇంట్లో దూరినవాటిని తీసేయడమే అతని పని. నిచ్చెనెక్కి గొట్టంలోకి చిన్న కెమెరా తోశాడు. ఫోన్లో చూపించాడు. గడ్డి, బూజులాంటి బట్టల నూగు, మధ్యలో నాలుగు పసుప్పచ్చ నోళ్లు. కళ్లు కూడా తెరవలేదు. పక్కన లేతనీలం గుడ్డు ఒకటి.

"ఇప్పుడే లాగేస్తా, 325 డాలర్లు" అన్నాడు. ఇక్కడ 1918 నాటి కేంద్ర చట్టం ఒకటుంది. ఈ గడ్డ మీది పక్షులైతే, గూట్లో గుడ్లో పిల్లలో ఉంటే ముట్టుకోకూడదు. స్టార్లింగులూ ఊరపిచ్చుకలూ పరాయివి కాబట్టి ఆ చట్టం కిందకి రావు. లాగిపారేసినా అడిగేవాడు లేడు. "పిల్లల్ని ఏం చేస్తాడో అడుగు" అంది అమ్మ. అడిగాను. అతను నల్ల కవరు చూపించాడు.

"ఇంకో దారి లేదా?" అన్నాను. ఉందన్నాడు. మిషన్ వెయ్యకుండా ఆపేస్తే, మూడు వారాల్లో పిల్లలు వాటంతటవే ఎగిరిపోతాయి. ఖాళీ అయిన వెంటనే గూడు తీసేయాలి. ఆలస్యం చేస్తే రెండో విడత గుడ్లు పెట్టేస్తాయి. "రెండో కాన్పు" అని అనువదించాను అమ్మకి.

బావకి నచ్చలేదు. ఆయన్ని తప్పుపట్టలేను. మాది గ్యాస్ డ్రయ్యర్. గొట్టం మూసుకుపోతే కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకి తిరగబడుతుంది. "వాసన తెలుస్తుంది కదా" అంది అమ్మ. తెలీదు, అదే దాంతో ప్రమాదం. ఎండిన గడ్డి, నూగు, వేడి ఒకచోట చేరితే మంటలూ లేస్తాయి. డ్రయ్యర్ల వల్ల ఇళ్లలో అగ్నిప్రమాదాలు ఏటా సుమారు 2,900 అని ఇక్కడి అగ్నిమాపక సంస్థ పాత నివేదిక ఒకటి చూపించాడు బావ. "పసిపిల్ల ఉన్న ఇల్లురా. ఎవరైనా మర్చిపోయి ఒక్కసారి బటన్ నొక్కితే?"

అమ్మ ఏం మాట్లాడలేదు. లాండ్రీ రూమ్‌లోకి వెళ్లి మిషన్ ప్లగ్ పీకింది. బటన్ మీద అడ్డంగా టేపు అంటించి, దాని మీద పెన్నుతో రాసింది: "పిల్లలున్నాయి. ముట్టొద్దు."

ఆ టేపు చూడగానే నాకు భీమవరం వంటిల్లు గుర్తొచ్చింది. 2009లో పెంకుటిల్లు పడగొట్టి డాబా వేశాం. నాకప్పుడు ఎనిమిదేళ్లు. పెంకుల సందుల్లో ఉండే పిచ్చుకలు చోటు లేక కొత్త వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాన్ వెనక గూడు పెట్టాయి. ఒకరోజు అమ్మ ఎండుమిరపకాయల పోపు వేస్తూ, దగ్గు ఆపుకోలేక "ఒరే, ఆ ఫ్యానెయ్యి" అంది. వేశాను. అంతే. అమ్మ నన్ను హాల్లోకి పంపేసి తనే శుభ్రం చేసుకుంది. సాయంత్రానికి ఆ స్విచ్చికి టేపు వేసి ఉంది. ఆ ఇంట్లో అది ఇప్పటికీ ఉంది. దాని గురించి మేమిద్దరం ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

బావ ఆ కాగితం చూసి, నా మొహం చూసి, "సరే, మూడు వారాలు" అన్నాడు. గ్యాస్ వాల్వ్ కూడా తనే కట్టేశాడు.

బట్టలు బయట ఆరేద్దామంటే మా కమ్యూనిటీ రూల్స్ ఒప్పుకోవు. డెక్ మీద తువ్వాలు కనిపిస్తే మెయిల్ వచ్చేస్తుంది. ఇంత ఎండ పెట్టుకుని బట్టలు లోపల ఆరేసుకునే దేశం ఏవిటని అమ్మ గోల. బేస్‌మెంట్‌లో ఈ గోడ నుంచి ఆ గోడకి తాడు కట్టేసింది. ట్రెడ్‌మిల్ మీద లుంగీలు, సైకిల్ మీద పాప గౌన్లు. దుప్పట్లకి మాత్రం నేను లాండ్రోమాట్‌కి వెళ్లేవాణ్ణి. ఎడిసన్‌లో ఏడాది ఉన్నా చూడని ఊరు అక్కడ కనిపిస్తుంది. రాత్రి షిఫ్టు దిగి వచ్చిన స్పానిష్ మాట్లాడేవాళ్లు, హోటల్ ఏప్రాన్లు ఉతుక్కునే పంజాబీ కుర్రాళ్లు, గుప్పెట్లో క్వార్టర్లు పట్టుకుని నాలాంటివాళ్లు. ఓక్ ట్రీ రోడ్డు షాపుల్ని నడిపేవాళ్లని షాపుల్లో కన్నా ఇక్కడే దగ్గరగా చూశాను.

గొట్టంలో పిల్లలు పెరిగేకొద్దీ నాకు నిద్ర తగ్గింది. అమ్మానాన్నల్లో ఎవరో ఒకరు ఐదారు నిమిషాలకోసారి పురుగుతో వచ్చేవి, రాగానే నలుగురూ కచేరీ. నా 69వ రోజున వీడియో ఇంటర్వ్యూ. సరిగ్గా సిస్టమ్ డిజైన్ ప్రశ్న దగ్గర గోడలోంచి గోల. "మీ వెనక ఏంటది?" అన్నాడు ఇంటర్వ్యూ చేసే ఆయన. నిజం చెప్పేశాను. మిగతా పది నిమిషాలూ ఆయన వాళ్లింటి చిమ్నీలో దూరిన పక్షుల గురించే మాట్లాడాడు. అది మంచికో చెడుకో ఇప్పటికీ తెలీదు. ఇంకో రౌండ్ ఉందన్నారు.

మగపక్షి మాత్రం కళాకారుడు. ఈ జాతి విన్న శబ్దాల్ని పట్టేస్తుంది. మే మొదటి వారానికి బావ కారు లాక్ చేసిన చప్పుడు నేర్చేసుకుంది. కారు తెరిచి ఉందేమో అని బావ రెండుసార్లు పరిగెత్తాడు. ఫోనోగ్రాఫ్ పుట్టిన ఊరు కదా, అనుకున్నాను.

78వ రోజు పొద్దున్న నిశ్శబ్దానికి మెలకువ వచ్చింది. కిటికీలోంచి చూస్తే పెరట్లో మట్టిరంగు పిల్లలు నాలుగు, తల్లి వెంట నోళ్లు తెరుచుకుని పరిగెడుతున్నాయి. మధ్యాహ్నందాకా ఆగాం. ఎవరూ గొట్టంలోకి తిరిగి వెళ్లలేదు. పక్కింటి గుజరాతీ అంకుల్‌ దగ్గర నిచ్చెన తెచ్చాను. టార్చి వేసి లోపల ఎవరూ లేరని రెండుసార్లు చూసుకున్నాను. మాస్కు, గ్లవుజులు వేసుకుని, దుమ్ము లేవకుండా గూటి మీద నీళ్లు స్ప్రే చేసి, కొంచెం కొంచెంగా లాగాను. రెట్టల దుమ్ము ఊపిరితిత్తులకి మంచిది కాదు. పైగా పక్షులు వెళ్లిపోయాక గూట్లో మిగిలిన పురుగులు, ఆకలికి ఇంట్లోకి పాకుతాయి. చేతికి నాలుగు చోట్ల కుట్టాయి కూడా. కింద నిచ్చెన పట్టుకుంది బావే.

ఆ గొట్టంలోంచి అంత గడ్డి ఎలా వచ్చిందో! రెండు పెద్ద కవర్లు నిండాయి. పచ్చాకులు కూడా ఉన్నాయి, ఈ పక్షులు వాసన ఉండే ఆకులు తెచ్చి గూట్లో పరుస్తాయట. మధ్యలో తెల్లదారం చుట్టలు. ఏంటా అని చూస్తే మల్లెదండ కట్టిన దారం. వాడిపోయిన పూలు అమ్మ పెరట్లో పారేసేది. ఆ నీలం గుడ్డు పొదగకుండా అలాగే ఉంది. అమ్మ దాన్ని అరచేతిలో పెట్టుకుని కాసేపు నిలబడింది.

"అప్పుడు నేనే వెయ్యమన్నా కదరా ఫ్యాను" అంది.

"ఊఁ" అన్నాను.

గులాబీ మొక్క మొదట్లో గుడ్డు పాతేసి, చేతులు కడుక్కోడానికి లోపలికి వెళ్లిపోయింది.

గొట్టం లోపల బ్రష్షుతో శుభ్రం చేసి, చివర పక్షులు దూరని పంజరంలాంటి కొత్త మూత బిగించాను. సన్నటి మెష్ మాత్రం పెట్టకూడదు, నూగు పట్టి మళ్లీ మూసుకుపోతుంది. వాల్వ్ తెరిచి, అమ్మ టేపు తీసి, మిషన్ వేశాం. పాప బట్టలు నలభై నిమిషాల్లో పెళపెళలాడాయి. బేస్‌మెంట్‌లో తాడు మాత్రం అమ్మ విప్పలేదు.

సాయంత్రం జంట వచ్చింది. కొత్త మూత మీద వాలి, పొడిచి, తల వంచి లోపలికి చూశాయి. మగది కారు లాక్ చప్పుడు ఒకసారి చేసింది. తర్వాత ఎగిరి పక్కింటి గోడ మీద వాలాయి. అంకుల్ వాళ్ల గొట్టానికి కూడా మూత లేదు.

నిచ్చెన ఇచ్చేద్దామని వెళ్లి, ఆ సంగతి చెప్పాను. అంకుల్ బయటికొచ్చి పైకి చూశాడు.

"నిచ్చెన అక్కడే గోడకి ఆనించు. రేపు శనివారం, పొద్దున్నే వచ్చెయ్. మీ అమ్మగార్ని కూడా తీసుకురా" అన్నాడు.