మెదడులో ఉప్పు

ఎమ్మారై చిత్రాన్ని మనం మెదడు బొమ్మ అంటాం. నిజానికది చాలావరకు మెదడులోని నీటి బొమ్మ. నీటిలో ఉన్న ఉదజని కేంద్రకాలు బలమైన అయస్కాంత క్షేత్రంలో రేడియో తరంగాలకు ఇచ్చే బదులునే యంత్రం పటంగా గీస్తుంది. అదే యంత్రంతో, అదే తలలో, నీటికి బదులు ఉప్పును వినవచ్చు. (ఉప్పు అనడం సౌలభ్యం కోసమే, వినేది సోడియాన్ని.) శ్రుతి మాత్రం వేరు. 3 టెస్లాల యంత్రంలో ఉదజని దాదాపు 128 మెగాహెర్ట్జ్ దగ్గర పలికితే, సోడియం 34 దగ్గర పలుకుతుంది. కనుక తలచుట్టూ అమర్చే తీగచుట్టను ఆ శ్రుతికి ప్రత్యేకంగా కట్టుకోవాలి.

ఈ సంగతుల జోలికి నన్ను లాక్కొచ్చింది మా పిన్ని. ఆమె మెదడులోని గ్లయోమా కణితిని తీసివేసి, రేడియేషన్ కూడా ముగించాక, మూడు నెలలకు తీసిన చిత్రంలో అదే చోట తెల్లని మచ్చ ఒకటి కనబడింది. కణితి మళ్ళీ లేచిందా, చికిత్స తాలూకు వాపా? వైద్యుడు ఫిల్మును వెలుతురుకు పట్టి చాలాసేపు చూసి, "రెండు నెలలాగి మళ్ళీ తీద్దాం" అన్నారు. ఆయననేమీ అనలేం. నీటి పటంలో ఆ రెండూ తరచు ఒకేలా ఉంటాయి. బయటికొచ్చాక పిన్ని అడిగింది: "ఏరా, లోపలున్నది బతికుందో చచ్చిందో చెప్పే బొమ్మ లేదుట్రా?" ఆ రెండు నెలలూ నేను ఆ ప్రశ్నకు జవాబు వెతుకుతూనే గడిపాను. (మచ్చ ఆ తరువాత చిన్నదయింది.)

బతికున్న కణానికి క్షణం తీరికలేని పని ఒకటుంది. చిల్లుపడ్డ దోనెలోంచి నీళ్ళు తోడిపోసినట్లు, లోపలికి చొరబడే సోడియాన్ని ఎప్పటికప్పుడు బయటికి తోడెయ్యాలి. కణం బయట లీటరుకు 140 మిల్లీమోళ్ళ సోడియం ఉంటే లోపల పది, పదిహేనుకు మించదు. తోడే పంపును 1957లో డెన్మార్కుకు చెందిన యెన్స్ స్కౌ కనిపెట్టాడు. 1997లో గాని ఆయనకు నోబెల్ రాలేదు. ఒక్కొక్క ఏటీపీ అణువు ఖర్చుకు మూడు సోడియాలు బయటికి, రెండు పొటాషియాలు లోపలికి. ఆ ఏటీపీని 1929లో కండరాలలో గుర్తించినవారిలో ఫిస్కేతోపాటు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఉన్నారని తెలిసినప్పుడు నాకు కలిగిన గర్వం కాస్త పిల్లతనంగానే ఉండవచ్చు, పోనివ్వండి. మెదడు వాడుకునే శక్తిలో దాదాపు సగం ఈ తోడిపోతకే సరి.

పంపు తడబడితే లోపల ఉప్పు పెరుగుతుంది. అయితే బొమ్మలో ఒక్కొక్క చుక్క వెనుక ఉండేది ఒక కణం కాదు. కొన్ని మిల్లీమీటర్ల మేర ఉన్న కణాలూ, వాటి మధ్య సందులూ కలిపి. కణాలు నూటికి ఎనభై వంతులూ, సందులు ఇరవై వంతులూ అనుకుందాం. లోపల 12, బయట 140 చొప్పున మొత్తం సుమారు 38. వాపు వచ్చి సందులు నలభై వంతులైతే, పంపు భేషుగ్గా ఉన్నా మొత్తం 63 అవుతుంది. సందులు పెరగకుండా కణాల లోపలి సోడియం 44కు చేరినా అదే 63! అంకె ఒకటే, కథలు రెండు.

ఇది కాగితం మీది లెక్క. నిజమైన కొలతల్లో చుట్టుపక్కల ద్రవం కూడా కొంత కలిసి అంకెలు పెద్దవవుతాయి. 2003లో జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు ప్రచురించిన కొలతల్లో, కిలో కణజాలానికి కణితిలో సగటున 103 మిల్లీమోళ్ళు, తలకు అవతలి పక్కన జబ్బులేని భాగంలో 68. తేడా స్పష్టంగానే ఉంది. కానీ కణితి చుట్టూ వాచిన ప్రాంతంలో కూడా 98 వచ్చింది. నన్ను ఆపేసిన అంకె అదే. పైగా చచ్చే కణంలోనూ ఉప్పు పెరుగుతుంది, చెలరేగి పెరిగే కణంలోనూ పెరుగుతుంది. పిన్ని ప్రశ్నకు ఒక్క బొమ్మతో బదులు రాదు.

అయినా ఈ దారి మూసుకుపోలేదు. స్వేచ్ఛగా తిరిగే ద్రవంలో సోడియం పలుకు కొంతసేపు నిలుస్తుంది. కణజాలంలో చాలా భాగం కొన్ని మిల్లీసెకన్లలోనే అణగిపోతుంది. ఈ తేడాను ఆసరా చేసుకుని, ద్రవం గొంతు నొక్కి మిగిలినదాన్ని వినే పద్ధతిని జర్మనీలో హైడెల్‌బర్గ్ పరిశోధకులు మెదడు కణితులపై ప్రయోగించి 2011లో ప్రకటించారు. 2016లో 7 టెస్లాల యంత్రంతో, కణితిలో ఐడీహెచ్ జన్యువు మారిందో లేదో సోడియం తీరును బట్టి అంచనా వేయవచ్చునని చూపారు. రోగి మున్ముందు ఎలా ఉంటాడన్నది ఆ జన్యువు మీద చాలావరకు ఆధారపడుతుంది గనుక ఇది చిన్న సంగతి కాదు.

చిక్కల్లా పలుకు బలహీనతలో ఉంది. ఉదజనితో పోలిస్తే సోడియం సంకేతం వేల రెట్లు సన్నం. పది, ఇరవై నిమిషాలు కదలకుండా పడుకున్నా వచ్చేది మసక బొమ్మే. రంగుమందు ఎక్కించనక్కరలేదు, రేడియేషన్ బెడద లేదు, ఎన్నిసార్లైనా తీసి కిందటి నెలతో పోల్చుకోవచ్చు. అయినా ఇది నేటికీ పరిశోధనశాలల పనిగానే ఉంది. తెలిసిన రేడియాలజిస్టు ఒకాయనను అడిగితే నవ్వి, "ముందు ఆ తీగచుట్ట ఎవరు కొనిస్తారో చెప్పండి" అన్నారు.