దండెం మీద అంతా నీలమే

"ఏందిమ్మే, నీలి తొట్లో పడిన నక్క మాదిరి అయిపోతాండావు!"

నిన్న పొద్దున గోడ అవతల చింతపండు గింజలు తీస్తా కూర్చున్న పక్కింటక్క అనింది ఈ మాట. నేను బట్టలు ఆరేస్తాండా. దండెం మీద రెండు చీరలు, రెండు రవికలు, ఒక దిండు గలీబు. అన్నీ నీలమే. నక్క కథ చిన్నప్పుడు బడిలో చదువుకున్నదే. చాకలి తొట్లో పడి, రంగు మారి, అడవికి రాజై, చివరికి ఊళ వేసి దొరికిపోతుంది. నవ్వేసి ఊరుకుందామనుకున్నా గానీ, ఆ తొట్టి మాట దగ్గర నోరాగలేదు. అరవై దాటినాక ఒక రంగు మీద మనసు పడితే దానికి కారణం చెప్పుకోవాలి కదా.

హైస్కూల్లో మాకు తెల్ల జాకెట్టు, నీలం పావడా. అందరికీ అది యూనిఫారం, నాకు మాత్రం పండగ బట్ట. ఎనిమిదో తరగతి అయినాక దీపావళికి నీలం పావడా, ఓణీ అడిగినా. మా మేనత్త ఒకే మాట అనింది. "నల్లపిల్లవి, నీలం కట్టుకుంటే రాత్రిపూట పండ్లు మాత్రమే కనపడతాయి." ఇంట్లో అందరూ నవ్వినారు, నేనూ నవ్వినా. ఎవరూ వద్దని కొట్టలేదు, తిట్టలేదు. అయినా ఆ రోజు నుంచి నలభై అయిదేండ్లు గంధం రంగు, పాలమీగడ, లేత గులాబి తప్ప కట్టలేదు. బట్టల అంగళ్లలోనూ అంతే. నన్ను చూడంగానే "అమ్మకు లేత రంగులు తియ్‌రా" అని లోపలికి కేక. నాకేం కావాల్నో వాళ్లకే బాగా తెలిసినట్టు.

నాలుగేండ్ల కింద మా అమ్మ పోయినాక చీరలు పంచుకున్నాం. పట్టుచీరలకు పోటీ పడినారు. అడుగున ఒక నీలం నూలు చీర మిగిలింది, ముదురు నీలం, అంచు ఎరుపు. ఎవరికీ పట్టలేదు. ఇంటికి తెచ్చుకొని, తలుపు గడియ పెట్టి, అద్దం ముందర కట్టుకున్నా. నల్లగా లేనక్కా! నల్లగానే ఉన్నా అనుకో, కానీ ఆ నలుపు బాగుంది. మేనత్త బతికుంటే పోయి చూపించేదాన్ని.

"అయినా శనీశ్వరుడి రంగు కదమ్మే" అనింది అక్క. నీలం రాయి ఉంగరాన్ని మూడు రాత్రుళ్లు దిండు కింద పెట్టుకొని చూసిగానీ వేలికి పెట్టుకోరని గుర్తు చేసింది. ఆమెకు రాయికీ చీరకూ తేడా లేదు. "మరి ఒంటిమిట్ట రామయ్యది ఏ రంగు?" అని అడిగినా. ఆమె మాట్లాడలేదు. చంద్రుడు అడిగినాడని పగలు కాకుండా రాత్రిపూట వెన్నెల్లో కల్యాణం చేసుకునే దేవుడు ఆయన. పోయిన ఏడు ఆ కల్యాణానికి నేను ఈ నీలం చీరతోనే పోయినా. మేనత్త చెప్పిన జోస్యం తప్పింది, పండ్లతో పాటు ముఖం కూడా అందరికీ కనపడింది.

అసలు సంగతి ఇంకోటి ఉండాది. ఈ రంగు మన కడప సీమకు పరాయిది కాదు. పందొమ్మిదో శతాబ్దంలో మద్రాసు రాజధానిలో నీలిమందు బాగా తీసిన జిల్లాల్లో కడప ఒకటి. నెల్లూరు, కర్నూలు, దక్షిణార్కాటు కూడా ఉండేవి. మద్రాసు రేవులో ఓడ ఎక్కి ఇంగ్లండుకు పోయేది. నీలిచెట్టును అవిరి అని కూడా అంటారు, పెద్దగా నీళ్లడిగే పంట కాదు. కొమ్మలు కోసి తొట్లో నానేస్తారు. ఆకు పులిసి నీళ్లు పచ్చబడినాక వేరే తొట్లోకి వదిలి కట్టెలతో చిలుకుతారు. చిలికేకొద్దీ నీలం మడ్డి అడుక్కు దిగుతుంది. దాన్ని కాచి, వడగట్టి, బిళ్లలు కోసి నీడన ఆరబెట్టేది. ఆ కుళ్లిన ఆకు కంపు ఊరి పొలిమేర దాకా కొట్టేదని మా జేజికి వాళ్లమ్మ చెప్పిందంట. నక్క కథ విన్నప్పుడల్లా నాకు ముందు ఆ కంపే గుర్తొస్తుంది. పాపం నక్క, రంగు సరే, ఆ వాసనతో రాజెట్లయిందో!

1897లో జర్మనీ వాళ్ల బీఏఎస్ఎఫ్ కంపెనీ కార్ఖానాలో చేసిన నీలిమందును బజారుకు తెచ్చింది. ధరలో, దిగుబడిలో మన తొట్టి దానితో ఎక్కడ తూగుతుంది? మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీ సరుకు ఆగిపోయి నాలుగేండ్లు మన నీలికి మళ్లీ గిరాకీ వచ్చింది. యుద్ధంతో పాటు అదీ అయిపోయింది. ఇప్పుడు ఇండ్లల్లో నీలిమందు అంటే తెల్ల పంచెలకు పెట్టే రాబిన్ పొట్లమే. అది నీలిచెట్టు నుంచి వచ్చింది కాదు, అల్ట్రామెరైన్ అనే పొడి. పేరు మాత్రం మిగిలింది.

"నీ మనవడి జీన్సు ప్యాంటు ఉండాదే, దాని రంగు కార్ఖానా నీలిమందే" అని చెప్పినా. "అంతెందుకు, నెలకోసారి గోరింటాకు పెట్టుకున్నాక నువ్వు తలకు పట్టించే నీలాకు పొడి ఏందనుకున్నావు? అదే చెట్టు."

అక్క తల తడుముకుంది. "అయితే తొట్లో నేనూ పడినానన్నమాట!"

హైదరాబాదులో మా కూతురింటికి పోయినప్పుడు ఒక చేనేత ప్రదర్శనలో నీలి తొట్టి చూసినా. తెల్ల నూలు చిలప ముంచినారు. బయటికి తీస్తే నీలం లేదు, సగం మాగిన మామిడికాయ రంగు. మోసం అనుకున్నా. గాలి తగిలే కొద్దీ కండ్ల ముందరే ఆకుపచ్చ, తర్వాత నెమలికంఠం, ఆ తర్వాత నీలం. నీళ్లలో కరిగినప్పుడు దానికి ఆ రంగు ఉండదంట, గాలి తగిలితేనే తేలుతుందంట. మళ్లీ ముంచితే ఇంకొంచెం ముదురు. ఎన్ని మునకలైతే అంత చిక్కదనం. పిల్లలు కొళాయి దగ్గర ఆడుకున్నట్టు పావుగంట అక్కడే నిలబడినా, కూతురు చెయ్యి పట్టి లాక్కొచ్చింది.

అక్కడే ఒక అంగట్లో సహజ రంగు చీర కొన్నా. రంగు దిగదని ఒట్టేసి చెప్పినాడు. మొదటి ఉతుకులోనే మా ఆయన పంచె మేఘాలు కమ్మినట్టయింది. నీలి మొదట్లో కొంచెం చేతికి అంటుతుందని, రెండు మూడు ఉతుకులు విడిగా చన్నీళ్లలో జాడించి నీడన ఆరెయ్యాలని ఆ మనిషి చెప్పి ఉంటే సరిపోయేది. ఆయన ఆ పంచె ఇంకా చేనికి కట్టుకొని పోతాండాడు, నన్ను సాధించడానికే.

ఇప్పుడు చేతిలో ఉన్న పని బొంత. అమ్మ చీర రెండు చోట్ల చిరిగింది, కట్టుకునే పనిలేదు. దాన్ని పైపొర చేసి, అడుగున పాత చీరలు మూడు పొరలు పరిచి, తెల్ల దారంతో అంచు నుంచి నడుమకు వరసలు వరసలుగా కుట్టుకుంటా వస్తాండా. చుట్టూ అతుకులేయడానికి ఊరంతా నీలాలు పోగుచేసినా. ఇంకు నీలం, ఆనందా బ్లూ, మైలుతుత్తం రంగు, నెమలికంఠం. ఇన్ని నీలాలుంటే ఒక్కటీ నాకు నప్పదని ఎట్లనుకున్నానో ఇన్నేండ్లు! అక్క కూడా నిన్న సాయంత్రం గోడ మీద నుంచి ఒక మూట అందించింది. విప్పితే పాత మాధవరం చీర, నీలమే. ఆమెకూ ఒకటి దాచిపెట్టుకున్నది ఉండాదన్నమాట.

బొంత ఇంకా రెండు జానలు తక్కువ పడుతుంది. మీ ఇంట్లో చిరిగిన నీలం నూలు చీర ఉంటే స్టీలు సామాన్లోళ్లకు వేసి గిన్నె తీసుకోవద్దు, నాకు పంపండి. పట్టు వద్దు. పాలిస్టరు అసలే వద్దు.